చెక్కనోట్ల ఊరు

బ్యాంకు మూతపడింది. ఊరి సొమ్మంతా లోపలే ఉండిపోయింది. బజారులో చిల్లరకు కూడా దిక్కులేదు. అప్పుడు ఆ ఊరి చాంబర్ ఆఫ్ కామర్స్ తన బజారును ఎలా నిలబెట్టుకుంది? తొంభై ఏళ్లు దాటినా మరుగునపడని ఒక చిన్న ఊరి యథార్థ గాథ.

1931 డిసెంబరు 5. శనివారం.

వాన పడుతోంది. అమెరికా పశ్చిమ తీరాన, వాషింగ్టన్ రాష్ట్రంలో డిసెంబరంటే వానే. తెల్లారినా తెల్లారినట్టు ఉండదు. టెనైనో అనే చిన్న ఊళ్లో, సిటిజన్స్ బ్యాంకు ముందు పదిమంది గుమిగూడారు. తలుపులు వేసి ఉన్నాయి. ఒకతను గుబ్బ పట్టుకుని లాగి చూశాడు. ఇంకొకాయన అద్దానికి మొహం ఆనించి, అరచేతులు అడ్డం పెట్టుకుని లోపలికి తొంగి చూశాడు. మనిషి అలికిడి లేదు.

"వానకు ఆలస్యమైందేమోలే, వస్తారు," అన్నాడొక ముసలాయన.

ఎవరూ రాలేదు. మధ్యాహ్నానికి ఊరంతటికీ తెలిసిపోయింది. బ్యాంకు కుప్పకూలింది. వెయ్యి పైచిలుకు ఖాతాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఊరి జనాభాయే వెయ్యికి అటూ ఇటూ. అంటే చుట్టుపక్కల పల్లెల వాళ్లతో కలిపి, ఆ బ్యాంకులో ఎంతో కొంత దాచుకోని ఇల్లు దాదాపు లేనట్టే.

కథలోకి వెళ్లేముందు ఒక మాట. బజారులో, సమావేశంలో ఎవరు ఎవరితో ఏమన్నారో రాసిపెట్టినవాళ్లు లేరు. కాబట్టి ఇందులో దృశ్యాలూ సంభాషణలూ నా ఊహ. పేరు తెలియని మనుషుల్ని వాళ్లు చేసే పనితోనే పిలుస్తాను. తేదీలూ, లెక్కలూ, జరిగిన పనులూ మాత్రం ఊహ కావు.

రాయి, రంపం, రైలు

టెనైనో రైలుతో పుట్టిన ఊరు. 1870లలో నార్తర్న్ పసిఫిక్ రైలు మార్గం అటుగా వచ్చింది. ఊరి పేరు వెనక ఒక ముచ్చట చెబుతారు. 1090 నంబరు ఇంజను ఒకటి ఉండేదట. దాన్ని 'టెన్-నైన్-ఓ' అని పిలవగా పిలవగా టెనైనో అయిందట. స్థానిక ఆదివాసుల వ్యవహార భాషలో దారులు చీలే చోటుకు ఉన్న మాట నుంచి వచ్చిందని మరో వాదన.

ఊరికి పేరు తెచ్చింది ఇసుకరాయి. 1880ల చివర్లో క్వారీలు తెరిచారు. నున్నగా చెక్కడానికి లొంగే ఆ రాయి ఆ ప్రాంతంలో ఎన్నో భవనాలకు వెళ్లింది. తర్వాత సిమెంటు కాంక్రీటు వచ్చింది, రాయికి గిరాకీ పడిపోయింది. తవ్విన క్వారీ గుంటలో నీళ్లు నిండాయి. ఇక మిగిలింది అడవి. దేవదారు, స్ప్రూస్, ఫర్ చెట్లు, వాటిని కోసే రంపపు మిల్లులు. 1929లో న్యూయార్కు స్టాక్ మార్కెట్ కూలాక దేశంలో ఇళ్లు కట్టేవాళ్లు తగ్గారు. ఇళ్లు కట్టకపోతే కలప ఎవరికి కావాలి? మిల్లులు ఒక్కొక్కటే నెమ్మదించాయి.

ఆ ఏడు అమెరికాలో మూతపడ్డ బ్యాంకు టెనైనో బ్యాంకు ఒక్కటే కాదు. 1931లోనే దేశం మొత్తం మీద సుమారు 2,300 బ్యాంకులు కూలాయి. అప్పటికి డిపాజిట్లకు కేంద్ర ప్రభుత్వ బీమా లేదు. బ్యాంకు పోయిందంటే దాచుకున్న సొమ్ము ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో, అసలొస్తుందో రాదో చెప్పే నాథుడు లేడు. బ్యాంకు ఆస్తులమ్మి, ఇచ్చిన బాకీలు వసూలు చేసి, వచ్చినదాన్ని విడతలవారీగా ఖాతాదారులకు పంచుతారు. దానికి నెలలు పట్టొచ్చు, ఏళ్లూ పట్టొచ్చు.

మన దగ్గరా పట్టణ సహకార బ్యాంకులు మూతపడ్డ రోజుల్లో, పాసుపుస్తకం చేత్తో పట్టుకుని గేటు ముందు నిలబడ్డవాళ్లకు ఈ బాధ ఒకరు చెప్పనక్కర్లేదు. పుస్తకంలో అంకె ఉంటుంది, చేతిలో కాణీ ఉండదు.

అరువు పుస్తకం నిండిపోయింది

సోమవారం. ఒక కిరాణా కొట్టు.

కొట్టాయన గల్లాపెట్టె తెరిచి చూసుకున్నాడు. రెండు మూడు నోట్లు, గుప్పెడు నాణేలు. పక్కన అరువు పుస్తకం. నిన్నమొన్నటి దాకా అందులో పేజీకి నాలుగు పేర్లు ఉండేవి. ఇవాళ పొద్దుటి నుంచి రాసిన పేర్లకే పేజీ చాలలేదు.

మిల్లులో పనిచేసే ఒకతని భార్య వచ్చింది. పిండి, చక్కెర, కాఫీపొడి అడిగింది.

"డబ్బు బ్యాంకులో ఉందండీ," అంది తలొంచుకుని.

"నాదీ అక్కడే ఉందమ్మా," అన్నాడు కొట్టాయన.

ఇద్దరూ ఒక్క క్షణం మాట్లాడలేదు. ఆయన పిండి తూచాడు, పుస్తకంలో రాసుకున్నాడు. ఇంతవరకు మన ఊరి కొట్టుకూ ఆ కొట్టుకూ తేడా లేదు. 'నేడు నగదు - రేపు అరువు' అని బోర్డు పెట్టినాయన కూడా తెలిసిన మొహం కనబడితే పద్దు రాసుకోక తప్పదు. చిన్న వ్యాపారంలో సగం పెట్టుబడి ఆ మొహమాటమే.

కాని మొహమాటానికీ ఒక హద్దుంటుంది. కొట్టాయనకు సరుకు పంపేది పెద్ద ఊళ్లోని హోల్‌సేలు వ్యాపారి. అతనికి ఈ అరువు పుస్తకంతో పనిలేదు, డబ్బు కావాలి. నోటిచ్చిన గిరాకీకి చిల్లరివ్వాలంటే ఆ చిల్లర కోసమే పొరుగూరి బ్యాంకుకు బయలుదేరాలి. ఆ వానలో, ఆ బురద దారుల్లో ఒక పూట అందుకే పోతుంది. పూటంతా కొట్టు కట్టేసుకుని వెళ్తే ఆ పూట బేరం పోయినట్టే.

విచిత్రం ఏమిటంటే, ఊళ్లో సరుకు ఉంది. పనిచేసే చేతులున్నాయి. వండుకునే ఇళ్లున్నాయి. కొనాలన్న అవసరమూ ఉంది. లేనిదల్లా ఈ చేతి నుంచి ఆ చేతికి మారే వస్తువు ఒక్కటే. పళ్లచక్రాలన్నీ బాగానే ఉండి, బెల్టు తెగితే మిల్లు ఆగినట్టు ఊరు ఆగింది.

నాలుగో వంతు

టెనైనోలో చాంబర్ ఆఫ్ కామర్స్ అంటే పాలరాతి మెట్ల భవనం అనుకోకండి. మన ఊళ్లలో వర్తక సంఘం లాంటిదే. కొట్లవాళ్లూ, వృత్తి పనివాళ్లూ, ఊరి బాగు పట్టించుకునే నలుగురూ కలిసి కూర్చునే చోటు. మామూలు రోజుల్లో ఇలాంటి సంఘాల పనేమిటి? పండక్కి కొట్లు ఎప్పుడు మూయాలి, వీధి దీపాల సంగతేమిటి, రోడ్డు వేయించమని ఎవరికి అర్జీ పెట్టాలి. అంతవరకే.

ఆ డిసెంబరులో ఆ సంఘం ముందుకు వచ్చిన ప్రశ్న వేరు. బ్యాంకు లేని ఊళ్లో బజారు నడవడం ఎలా?

సభ్యుల్లో డాన్ మేజర్ అనే ఆయన ఉన్నాడు. 'థర్స్‌టన్ కౌంటీ ఇండిపెండెంట్' అనే ఊరి వారపత్రిక నడిపేవాడు. చిన్న ఊళ్లో పత్రిక నడపడమంటే కొట్ల ప్రకటనల మీద బతకడం. కొట్లు మూతపడితే ముందు ఆరిపోయే దీపం పత్రికదే. పైగా ఆయన దగ్గర అచ్చుయంత్రం ఉంది. ఈ కథలో ఆ యంత్రాన్ని గుర్తుపెట్టుకోండి.

సమావేశం ఇలా సాగి ఉంటుంది.

"విరాళాలు పోగుచేద్దామా?" అన్నారొకరు.

"ఎవరి దగ్గర పోగుచేస్తావు? అందరి సొమ్మూ ఒకే గదిలో పెట్టి తాళం వేశారు."

"సర్కారును అడుగుదాం."

"అడుగుదాం. వాళ్లు వచ్చేలోపు నా కొట్టు ఉండాలిగా."

కాసేపటికి మాట అసలు చోటికి వచ్చింది. బ్యాంకులో సొమ్ము పూర్తిగా పోలేదు, ఎంతో కొంత వెనక్కి వస్తుంది. ఎప్పుడో రాబోయే ఆ సొమ్మును ఇవాళ్టి బజారులోకి తేగలమా?

వాళ్లు తేల్చిన ఏర్పాటు ఇది. బ్యాంకులో డిపాజిట్ ఉన్న మనిషి, అందులో నాలుగో వంతుకు మించకుండా, తనకు రావలసిన సొమ్ము మీద హక్కును చాంబర్‌కు రాసివ్వాలి. అందుకు బదులుగా చాంబర్ అంతే విలువకు చీటీలు ఇస్తుంది. అమెరికన్లు దీన్ని స్క్రిప్ అంటారు. ఊళ్లో కొట్లన్నీ ఆ చీటీలను డబ్బులాగే తీసుకుంటాయి. ముందు ముందు బ్యాంకు సొమ్ము విడతలుగా వచ్చినప్పుడు చాంబర్ ఆ చీటీలను నగదుకు మార్చేస్తుంది.

ఉదాహరణకు ఒకాయనకు బ్యాంకులో 100 డాలర్లు ఉన్నాయనుకోండి. 25 డాలర్ల మీద హక్కు రాసిచ్చి 25 డాలర్ల చీటీలు తీసుకుంటాడు. మిగతా 75 డాలర్ల సంగతి బ్యాంకుకూ ఆయనకూ మధ్య వ్యవహారం.

ఈ కథంతటిలో నాకు చాంబర్ పెద్దరికం కనిపించింది ఆ నాలుగో వంతు దగ్గరే. ఎదురుగా ఆకలితో జనం నిలబడినప్పుడు 'మీకు రావలసిందంతా ఇచ్చేస్తాం' అనడం తేలిక, చప్పట్లు కూడా పడతాయి. కాని బ్యాంకు నుంచి రూపాయికి పావలానే వస్తే? అప్పుడు చాంబర్ మాట నీటిమూట అయిపోతుంది. అందుకే ఎంత చెడ్డా అంతమాత్రం చేతికి రాకపోదు అనుకున్న హద్దులోనే మాట ఇచ్చారు. వ్యాపారం ఎరిగినవాళ్ల లెక్క అది. చెల్లుతుందన్న మాటకే విలువ కట్టారు, చెప్పడానికి బాగున్న మాట జోలికి పోలేదు.

ఒక డాలరు ప్రయాణం

కాగితం చీటీలు ఆ డిసెంబరులోనే అచ్చయ్యాయి. చాంబర్ పేరు, విలువ, దాని తరఫు ధర్మకర్తల సంతకాలు. అంతే. రాజముద్ర లేదు, బంగారం హామీ లేదు.

అలాంటి డాలరు చీటీ ఒకటి తీసుకుని, రోజంతా దాని వెంట నడిచామనుకోండి.

పొద్దున మిల్లు పనివాడి భార్య దాన్ని కిరాణా కొట్టులో ఇచ్చింది. పిండి, కాఫీపొడి తీసుకుంది. కొట్టాయన ఇవాళ అరువు పుస్తకం తెరవలేదు. మధ్యాహ్నం ఆయన చెప్పులు కుట్టించుకుని అదే చీటీ ఇచ్చాడు. చెప్పులు కుట్టే అతను సాయంత్రం మాంసం కొట్టుకు వెళ్లాడు. మాంసం కొట్టాయన బిడ్డకు జ్వరం, చీటీ డాక్టరు చేతికి వెళ్లింది. డాక్టరు పత్రికకు చందా కట్టాడు. పత్రిక నడిపే మనిషి రాత్రి ఇంటికెళ్తూ కిరాణా కొట్టు దగ్గర ఆగాడు. పొద్దున బయలుదేరిన చీటీ రాత్రికల్లా మళ్లీ అదే గల్లాపెట్టెలో పడింది.

ఊళ్లోకి కొత్తగా డాలరు ఏమీ రాలేదు. అయినా ఒక్క చీటీతో ఐదారుగురి పని జరిగింది. ఎవరూ ఎవరికీ దానం చేయలేదు, చేయి చాచలేదు. ఈ చివరి మాట చిన్నది కాదు. కష్టకాలంలో చిన్న వ్యాపారి ఆకలికి ఎంత భయపడతాడో అడగాల్సి వస్తుందని అంతకన్నా ఎక్కువ భయపడతాడు.

చీటీ చేయలేని పనులూ ఉన్నాయి. ఊరు దాటితే అది చిత్తుకాగితం. హోల్‌సేలు వ్యాపారికి అసలు డాలర్లే పంపాలి. మూతపడ్డ మిల్లును అది తెరిపించలేదు. ఊళ్లో ఇచ్చిపుచ్చుకునేవాటికి చీటీ వాడుతూ, ఉన్న కొద్ది నగదునూ బయటి సరుకు కోసం మిగుల్చుకునే వీలు మాత్రం దానివల్ల కలుగుతుంది. చిన్న కొట్టుకు ఆ కాస్త ఊపిరి చాలు.

కాగితం నుంచి చెక్కకు

ఇక్కడితో ఆగితే టెనైనో పేరు ఇవాళ మనదాకా వచ్చేది కాదు. ఆ కాలంలో ఇలాంటి కాగితం చీటీలు వేసిన ఊళ్లు ఇంకా ఉన్నాయి.

1932 తొలి నెలల్లో డాన్ మేజర్ కంటపడింది ఒక కొత్త సరుకు. స్లైస్‌వుడ్. దేవదారు, స్ప్రూస్ కలపను పొరలా పలచగా కోసిన రేకులు. ఎండకు అడ్డం పెడితే వెలుతురు కనిపించేంత పలచన. కలపకు కొత్త ఉపయోగం ఏదైనా దొరక్కపోతుందా అని ఆ ప్రాంతంవాళ్లు తంటాలు పడుతున్న రోజులవి.

"మన చీటీలు దీనిమీద వేస్తే?"

"చెక్కమీదా? నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వినవాడు చూడటానికైనా వస్తాడు."

పావు డాలరు, అర డాలరు, డాలరు విలువలతో చెక్కనోట్లు అచ్చయ్యాయి. అచ్చుయంత్రంలోంచి బయటికి వచ్చిన తొలి నోట్లు పుటుక్కున విరిగేవి. జేబులో పెట్టుకుని కూర్చుంటే రెండు ముక్కలు. ఒక్క పొర అయితే నిలవదని అర్థమై, రెండు చెక్క పొరల మధ్య కాగితం పెట్టి అతికించారు. నోటు వంగింది, కాని విరగలేదు.

ఒక్కసారి ఆ నోటును చేతిలోకి తీసుకున్నట్టు ఊహించుకోండి. వేలితో రాస్తే కలప నార తగులుతుంది. నల్ల సిరా ఆ నారల వెంట సన్నగా పాకి ఉంటుంది. మిల్లులాగిపోయిన ఊరు తన అడవినే కోసి దానిమీద తన మాట అచ్చువేసింది.

తీర్చొద్దన్న అప్పు

తర్వాత జరిగింది చాంబర్ కూడా ఊహించలేదు.

వార్త ముందు చుట్టుపక్కల పత్రికల్లో వచ్చింది, ఆపై దేశమంతా పాకింది. 'చెక్కతో డబ్బు చేసుకున్న ఊరు' అంటే చదవకుండా ఎవరు పేజీ తిప్పుతారు? టెనైనో తపాలా కచేరీకి ఉత్తరాలు మొదలయ్యాయి. నాణేలూ నోట్లూ సేకరించే సరదా ఉన్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచో రాశారు. 'ఇందులో డాలరు పెట్టాను, మీ చెక్కనోటు ఒకటి పంపండి.'

వ్యాపారం తెలిసినవాళ్లకు ఇందులో కిటుకు వెంటనే తట్టి ఉంటుంది. చీటీ అంటే చాంబర్ చేసిన అప్పు, ఎప్పుడో ఒకప్పుడు తీర్చాలి. కాని సేకరించేవాడు దాన్ని వెనక్కి తేడు. ఆల్బంలో అతికించుకుంటాడు, పటం కట్టించుకుంటాడు, మనవడికి చూపిస్తాడు. అంటే అతను అసలు డాలరు ఇచ్చి, చెక్క డాలరు తీసుకుని, బాకీ తీర్చక్కర్లేదు పొమ్మన్నట్టే. ఏ ఊళ్లో నగదు లేదని గోల పెట్టారో ఆ ఊరికి తపాలాలో నగదు వచ్చింది.

1932, 1933లలో చాంబర్ చెక్కనోట్లను విడతల మీద విడతలు వేసింది. మార్చుకోవడానికి వెనక్కి వచ్చినవి మాత్రం బహు తక్కువ. ఊరి గండం గట్టెక్కించడానికి చేసిన చిన్న ఏర్పాటు ఊరికి చిరునామా అయింది. ఇవాళ్టికీ అమెరికాలో నోట్లు సేకరించేవాళ్లకు టెనైనో అంటే చెక్కనోటే.

దీన్ని అదృష్టం అనొచ్చు, అదృష్టమే. అయితే అది వచ్చి తలుపు తట్టేసరికి ఆ ఊరి కొట్లు తెరిచే ఉన్నాయి. తెరిపించి ఉంచింది మాత్రం అదృష్టం కాదు. ఒకరి చీటీని ఒకరు కాదనకుండా తీసుకున్న ఆ కొట్లవాళ్లే.

దేశం కూడా అదే దారిన

టెనైనోకు 1931లో వచ్చిన కష్టం 1933 మార్చికి దేశం మొత్తానికీ వచ్చింది. కొత్తగా పగ్గాలు పట్టిన అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మార్చి 6న దేశంలోని బ్యాంకులన్నిటికీ సెలవు ప్రకటించాడు. రాత్రికి రాత్రి అమెరికా అంతా టెనైనో అయిపోయింది. ఎన్నో ఊళ్లలో మునిసిపాలిటీలూ, వర్తక సంఘాలూ, పత్రికలూ సొంత చీటీలు వేసి ఆ రోజులు గడిపాయి.

అదే ఏడాది డిపాజిట్లకు కేంద్ర బీమా చట్టం వచ్చింది. 1934 జనవరి నుంచి అమలైంది. మొదట్లో మనిషికి 2,500 డాలర్ల వరకు హామీ.

మన దేశం కూడా దెబ్బ తిన్నాకే మేల్కొంది. 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు కూలాక చట్టం చేశారు. 1962 నుంచి డిపాజిట్ బీమా మొదలైంది. అప్పుడు హద్దు 1,500 రూపాయలు. 2020 ఫిబ్రవరి నుంచి అది 5 లక్షలు. ఇవాళ మన బ్యాంకు ఏదైనా మూతపడితే ఆ మేరకు సొమ్ముకు భరోసా ఉంది. టెనైనో వాళ్లకు అది కూడా లేదు.

అయితే బీమా ఇచ్చేది డిపాజిట్‌కు. బజారు ఆగిపోతే బజారుకు ఏ బీమా ఉంది? ఆ ప్రశ్న 1931లో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

మళ్లీ తిరిగిన యంత్రం

2020 వసంతం. కరోనా వచ్చింది. టెనైనోలో కొట్లు మళ్లీ మూతపడ్డాయి. అప్పటికి ఊరి జనాభా రెండు వేలకు కాస్త లోపు. పాత రైల్వే స్టేషను, ఆ ఊరి ఇసుకరాయితోనే కట్టినది, మ్యూజియంగా మారింది. అందులో ఒక మూల 1890 నాటి అచ్చుయంత్రం ఉంది. చెక్కనోట్లు వేసిన యంత్రం అదే. గుర్తుపెట్టుకోమన్నది దాన్నే.

అప్పటి మేయర్ వేన్ ఫోర్నియర్‌కు ఆ యంత్రం గుర్తొచ్చింది. నగర పాలక మండలి 10,000 డాలర్లు పక్కన పెట్టింది. దుమ్ము దులిపి, సిరా పూసి, పలచని చెక్కరేకుల మీద 25 డాలర్ల నోట్లు వేశారు. ఆదాయం తక్కువై, కరోనా వల్ల నష్టపోయామని చూపించుకున్నవాళ్లకు నెలకు 300 డాలర్ల వరకు ఇచ్చారు. వాటిని ఊళ్లోని కొట్లలోనే ఖర్చుపెట్టాలి. మద్యం, పొగాకు, లాటరీ టికెట్లకు చెల్లవు. కొట్లవాళ్లు వాటిని నగర కార్యాలయంలో ఇచ్చి అసలు డాలర్లు తీసుకోవచ్చు. నోటు మీద లాటిన్ భాషలో ఒక వాక్యం వేశారు. పరిస్థితి మా అదుపులోనే ఉంది అని దాని భావం. ప్రపంచమంతా అదుపు తప్పిన రోజుల్లో ఆ మాటలో కాస్త కొంటెతనం కూడా ఉంది.

1931కీ 2020కీ తేడా ఉంది. మొదటిసారి నోటు వెనక ఉన్నది మూతపడ్డ బ్యాంకులోని సొమ్ము, నడిపింది చాంబర్. రెండోసారి వెనక ఉన్నది పురపాలక నిధి, నడిపింది నగర పాలక మండలి. ఉద్దేశం మాత్రం రెండుసార్లూ ఒకటే. ఇచ్చే సాయం ఊరు దాటిపోకూడదు, ఇంటికి అందాలి, ఆ ఇంటి నుంచి కొట్టుకు చేరాలి. ఒకే డబ్బుతో ఇద్దరు నిలబడాలి. రెండోసారి కూడా సేకరించేవాళ్ల నుంచి అభ్యర్థనలు వెల్లువెత్తాయి.

మన బజారుకు వద్దాం

2016 నవంబరు 8, రాత్రి ఎనిమిది. అయిదు వందలు, వెయ్యి నోట్లు చెల్లవన్న ప్రకటన. చలామణిలో ఉన్న డబ్బు విలువలో 86 శాతం ఆ రెండు నోట్లదే. మర్నాడు పొద్దున మన కిరాణా కొట్టు ముందు నిలబడ్డవాళ్లకు టెనైనో ఎక్కడుందో తెలియదు గాని, ఆ సోమవారం ఉదయం ఎలా ఉంటుందో తెలిసింది. డబ్బు ఉంది, చెల్లదు. సరుకు ఉంది, కొనలేరు. రెండు వేల నోటు చేతికొచ్చినా చిల్లర ఇచ్చేవాడు లేడు.

ఆ రోజుల్లో మన ఊళ్లను నడిపింది అరువు పుస్తకమే. పాలాయన, కూరగాయలామె, మందుల కొట్టు ఎవరికి వాళ్లు పద్దులు రాసుకున్నారు. చిల్లరకు బదులు చాక్లెట్ చేతిలో పెట్టడం మనకు ఎప్పటి నుంచో అలవాటు. అదీ ఒక చీటీ లాంటిదే. కాకపోతే మనవాళ్లు ఎవరి బరువు వాళ్లే మోశారు. చాక్లెట్ ఇచ్చిన కొట్టువాడు అదే చాక్లెట్ వెనక్కి ఇస్తే తీసుకోడు. టెనైనో కొట్లవాళ్లు తీసుకున్నారు. ఇది నా చీటీ, అది నీ చీటీ అనకుండా అందరూ ఒకే చీటీని ఒప్పుకున్నారు. వర్తక సంఘం ఉన్నందువల్ల జరిగిన మేలు అది.

ఇవాళ రిజర్వు బ్యాంకు నిబంధనల మధ్య మన సంఘాలు సొంత నోట్లు వేయాలని ఎవరూ అనరు, వేయకూడదు కూడా. చట్టం లోపలే చేయగలిగినవి ఎన్నో ఉన్నాయి. కష్టమొచ్చినప్పుడు హోల్‌సేలు వ్యాపారులతో కూర్చుని చిన్న కొట్ల బాకీలకు గడువు మాట్లాడిపెట్టడం. బ్యాంకు దగ్గరికి ఒక్కొక్కరినీ పంపకుండా అందరి దరఖాస్తులూ కలిపి తీసుకెళ్లడం. బీమా కాగితాలు నింపడం రానివాళ్లకు నింపిపెట్టడం. ముందే తలా కొంత వేసుకుని ఒక నిధి ఉంచుకోవడం. వీటిలో ఏదీ వరద వచ్చిన మర్నాడు మొదలుపెడితే అయ్యేది కాదు.

మీ పిల్లలు సియాటిల్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేస్తుంటే, ఈసారి వెళ్లినప్పుడు దక్షిణంగా గంటన్నర ప్రయాణం చేయించమనండి. టెనైనో రాతి స్టేషన్‌లో ఆ యంత్రం కనిపిస్తుంది. చూసొచ్చాక మీ ఊళ్లో వర్తక సంఘం సమావేశం ఎప్పుడో కనుక్కోండి. వెళ్లి, సన్మానాలూ శాలువలూ అయ్యాక, లేచి ఒక్క ప్రశ్న అడగండి.

"రేపు పది రోజులపాటు బ్యాంకూ, ఏటీఎమ్మూ, ఫోన్‌పేలూ పనిచేయకపోతే మన బజారుకు మన దగ్గరున్న ఏర్పాటు ఏమిటి?"

జవాబు రాకపోతే, వచ్చే సమావేశంలో మళ్లీ అడగండి.